న్యూజెర్సీ రాళ్ళ మీద బ్లాక్‌ఫిష్: ఏ ఎర, ఏ గాలం, ఏ నెల?

కొత్త_గాలం | అక్టోబర్ 12, రాత్రి 9:40

అందరికీ నమస్తే. నేను ఎడిసన్ల ఉంట, సొంతూరు మిర్యాలగూడ దిక్కు. చిన్నప్పటి సంది సాగర్ కాల్వల మీద గాలమేసిన అలవాటుంది, వానపాము గుచ్చుడు, బెండు మునిగితే గుంజుడు, గంతే మనకు తెల్సిన విద్య. ఇక్కడికొచ్చినంక ఎండాకాలం ఫ్లూక్, పోర్గీ అనే చేపలు మంచిగనే పడ్డయి. ఇప్పుడు చలి మొదలయ్యేసరికి పక్కన గాలమేసే తాతలందరు పీతల బకెట్లు పట్టుకొని జెట్టీల మీదికి, అంటె సముద్రంలకు కట్టిన రాతికట్టల మీదికి పోతున్నరు, బ్లాక్‌ఫిష్ అనే చేప టైమ్ వచ్చిందంట. నేను గూడ మనాస్క్వాన్ ఇన్‌లెట్ (సముద్రంల కలిసే పాయ మూతి) కాడ చూసిన. రొయ్య పెట్టిన, స్క్విడ్ పెట్టిన, ఏది పెట్టినా టక్ టక్ అంటది, గుంజితే ఉత్త గాలం వస్తది, లేకుంటే సింకర్, గదే సీసం గుండు, రాళ్ళల్ల ఇరికి దారం తెగుతది. గా తాతల్ని అడుగుదామంటే ఒక్కరు నోరు ఇప్పరు. ఎర ఏం పెట్టాలె, రాడ్ ఎసొంటిది కావాలె, ఏ నెలల పడతయి, జర మొత్తం చెప్పుండ్రి ఎవరన్న.

బార్నెగాట్_బాబాయ్ | అక్టోబర్ 12, రాత్రి 10:25

అబ్బాయ్, ముందు ఆ రొయ్య, స్క్విడ్ పక్కన పెట్టు. అవి వేసినంతసేపూ నీ ఎర తినేది బ్లాక్‌ఫిష్ కాదు, బెర్గాల్ అని చేతివేలంత చేపలుంటాయి రాళ్ళల్లో, అవి నిమిషంలో కొరికి పారేస్తాయి. బ్లాక్‌ఫిష్‌కి కావాల్సింది పీత. దాని నోరు ఒకసారి తెరిచి చూస్తే తెలుస్తుంది, ముందు మొద్దు పళ్ళు పట్టుకోడానికి, లోపల గొంతులో ఇంకో జత తిరగలి రాళ్ళలా ఉంటాయి నలగ్గొట్టడానికి. రాళ్ళకి అంటుకున్న మజిల్స్, బార్నకిల్స్ లాంటి గుల్లలు, పీతలు పీక్కు తిని బతికే చేప అది, మెత్తటివాటి కోసం పెద్దగా ఎగబడదు, ఎండాకాలం ముందు కొన్ని వారాలు తప్ప. దాని సంగతి తర్వాత చెప్తా.

గ్రీన్ క్రాబ్స్ అని బైట్ షాపులో డజన్ల లెక్కన అమ్ముతారు, అవి తీసుకో. అరచేతిలో సగం ఉన్న పీతయితే కాళ్ళూ డెక్కలూ తీసేసి కత్తితో నిలువునా రెండు ముక్కలు చెయ్యి. కాలు ఊడిన చోట బొక్క ఉంటుంది చూడు, అందులోంచి గాలం దూర్చి డిప్ప పక్క నుంచి ముల్లు బయటికి వచ్చేలా పెట్టాలి. ముల్లు కొన బయటకి కనపడాలి, మాంసంలో దాచెయ్యకు, చేప నోట్లో డిప్పే అడ్డం పడి గాలం దిగదు. పై డిప్ప తీసేస్తే వాసన తొందరగా పాకుతుంది గానీ బెర్గాల్స్‌కి కూడా సులువైపోతుంది. అందుకని ఇప్పుడు నీళ్ళు వెచ్చగా ఉన్నన్నాళ్ళూ డిప్ప ఉంచే వెయ్యి, ఇంకా కుదిరితే చిన్న పీత మొత్తం పెట్టు. నవంబర్ ఆఖరుకి నీళ్ళు చల్లబడ్డాక డిప్ప తీసేసి చిన్న ముక్క వెయ్యి.

జిగ్గు_రాజా | అక్టోబర్ 12, రాత్రి 11:02

బాబాయ్ వచ్చేశాడు, ఇంక మాకేం మిగిల్చాడు 😀

తమ్ముడూ నేను కనెక్టికట్ సైడ్ ఉంటాను, మాది భీమవరం. బాబాయ్‌వన్నీ పాతకాలం సింకర్ పద్ధతులు, ఆయ్. నువ్వు ఇప్పుడే మొదలెడుతున్నావ్ కాబట్టి ఏకంగా జిగ్ మీద మొదలెట్టు. టాగ్ జిగ్ అని అమ్ముతారు (టాగ్ అంటే బ్లాక్‌ఫిష్షే), సీసం తలకాయకే గాలం ఉంటుంది, తలకాయ అడుగు భాగం చదునుగా ఉండి నేల మీద గాలం పైకి చూసేలా కూర్చుంటుంది. ముప్పావు ఔన్సు నుంచి ఔన్సున్నర చాలు 30 అడుగుల లోపు నీళ్ళకి. సగం పీత గుచ్చి రాళ్ళ మధ్యలో దింపి కదపకుండా ఉంచాలి, అంతే. సింకరూ గాలమూ ఒకటే ముక్క కాబట్టి రాళ్ళల్లో ఇరుక్కునేది తక్కువ, చేప పీతని నోట్లో పెట్టుకోగానే చేతికి నేరుగా తెలుస్తుంది, మధ్యలో దారం వదులు లేదు కదా. రాడ్ 7 అడుగుల మీడియం హెవీ స్పిన్నింగ్, 4000 సైజు రీల్, 20 లేదా 30 పౌండ్ల బరువాగే బ్రెయిడ్ (అల్లిన దారం), చివర గాలం ముందు 40 పౌండ్ల లీడర్ దారం మూడడుగులు. బ్రెయిడ్ తప్పనిసరి, మోనో, అంటే ఒంటిపోగు నైలాన్ దారం, వేస్తే సాగుతుంది, ఆ సాగుడు తీరేలోపు చేప కన్నంలో దూరేస్తుంది.

బార్నెగాట్_బాబాయ్ | అక్టోబర్ 13, ఉదయం 6:15

జిగ్ మంచిదే, కాదనను. కానీ రాజా, నువ్వుండేది లాంగ్ ఐలండ్ సౌండ్ అనే సముద్రపు పాయ పక్కన, నీళ్ళు ఒద్దికగా ఉంటాయి. అదే జిగ్ మా ఇన్‌లెట్లలో పోటు సగంలో ఉండగా వేస్తే అడుక్కి వెళ్ళేలోపు పక్కూరు పోతుంది. ఆ మనాస్క్వాన్ ఇన్‌లెట్‌లో నీళ్ళు కాలవలా పరిగెడతాయి. జిగ్ అక్కడ నీళ్ళు నిలబడే టైమ్‌లో పనికొస్తుంది, అంటే పోటు ఆగి ఆటు మొదలయ్యే ముందూ తర్వాతా ఒక గంట. మిగతా టైమంతా సింకర్ కావాలి.

అబ్బాయ్, సింకర్ రిగ్ ఇలా కట్టుకో. 40-50 పౌండ్ల మోనో రెండున్నర అడుగులు, కింద కొసన సింకర్‌కి లూప్, దాని పైన జానెడు ఎత్తులో దారం మధ్యలోనే వేసే ఒక ముడి, డ్రాపర్ లూప్ అంటారు, అందులో ఆరంగుళాల పొట్టి దారంతో గాలం. గాలం సింకర్ పక్కనే నేల మీద పడుండాలి, పైన వేలాడకూడదు. గాలం సైజు ఒడ్డు నుంచి అయితే 1/0 నుంచి 3/0, బోటు మీద 4/0, 5/0. ఆక్టోపస్ గాలాలని అడుగు, తీగ లావుగా ఉండాలి, సన్నటివి ఈ చేప నోట్లో వంగిపోతాయి. సింకర్‌ని మాత్రం లీడర్‌కి నేరుగా కట్టకు, 15 పౌండ్ల సన్న మోనోతో కట్టు. ఇరుక్కుందనుకో, ఆ సన్న దారం తెగి సింకర్ ఒక్కటే పోతుంది, గాలం, చేప రెండూ వస్తాయి. మా ఇన్‌లెట్లో ఒకాయన మెకానిక్ షాపులోంచి పాత స్పార్క్ ప్లగ్గులు సంచీతో తెచ్చుకుంటాడు సింకర్ల బదులు, పోయినా బాధ లేదంటాడు.

పీతల_అక్క | అక్టోబర్ 13, ఉదయం 8:50

నేను రోడ్ ఐలండ్ నుంచి, విశాఖ అమ్మాయిని. జిగ్గా సింకరా అని మీరిద్దరూ ప్రతి ఏడూ కొట్టుకుంటారు గానీ, కొత్తబ్బాయికి అసలు విషయం చెప్పలేదు. ఈ చేప తిరిగే చేప కాదు. స్ట్రైపర్ చేపలాగా నీ దగ్గరికి వస్తుందని కూర్చుంటే రాదు. పగలు తన రాయి చుట్టూ కొన్ని గజాల్లో మేస్తుంది, రాత్రి అదే రాతి సందులో పడుకుంటుంది, అక్షరాలా నిద్రపోతుంది, అందుకే చీకటి పడ్డాక దీనికి గాలం వెయ్యడం దండగ. కాబట్టి పది అడుగులు అటు ఇటు అయినా తేడానే. ఒక కన్నం దగ్గర ఇరవై నిమిషాలు ఏమీ లేదంటే కదిలి ఇంకో రాయి దగ్గరికి పో, ఎర మార్చకు, చోటు మార్చు. దూరంగా విసరక్కర్లేదు కూడా. జెట్టీ రాళ్ళు ఇసకలోకి దిగే అంచు ఉంటుంది చూడు, నీ కాళ్ళ కిందే ఇరవై ముప్పై అడుగుల లోపు, చేపలన్నీ అక్కడే. కొత్తవాళ్ళందరూ నడి ఇన్‌లెట్లోకి విసురుతారు, అక్కడుండేది ఉట్టి ఇసకే.

మనాస్క్వాన్‌లో అయితే ఆ జెట్టీకి దోలోస్ అని కాంక్రీటు దిమ్మలు పేర్చి ఉంటాయి, 1980ల మొదట్లో పెట్టినవి, ఒకదాన్లో ఒకటి చిక్కుకుని మధ్యలో అన్నీ ఖాళీలే. చేపకి ఇల్లు, నీ సింకర్‌కి సమాధి. అందుకే అక్కడ నిలువుగా దింపు, పక్కకి లాగకు.

కొత్త_గాలం | అక్టోబర్ 13, మధ్యాహ్నం 12:30

అక్కా మస్తు చెప్పినవ్. నేను నిజంగనే నడి ఇన్‌లెట్లకు ఇసురుతున్న 🤦 ఇంకో డౌటు, టక్ టక్ అన్నప్పుడు ఎప్పుడు గుంజాలె? గిదే నాకు అస్సలు అర్థమైత లేదు.

సాండీహుక్_సీమ | అక్టోబర్ 13, మధ్యాహ్నం 1:15

ఈ ప్రశ్నకి జవాబు యాడా దొరకదు అబ్బా, ఎవరి చెయ్యి వాళ్ళది. నా లెక్క చెప్తా విను. మొదట టిక్ టిక్ టిక్ అని సన్నగా వరసగా వస్తే అది బెర్గాల్, పట్టించుకోవద్దు. బ్లాక్‌ఫిష్ అయితే ఒక దెబ్బ గట్టిగా ఉంటాది, అది పీతని ముందు పళ్ళతో పట్టుకుని కొరుకుతా ఉండాది అప్పుడు. దానికి గుంజితే పీత పగిలి సగం దానికి, సగం నీకు. ఆ తర్వాత అది పీతని గొంతులోకి తోసి నలగ్గొడతాది, అప్పుడు రాడ్ కొన బరువుగా కిందికి పోతాది, ఆ బరువుకి లేపాల. ఒకటి, రెండు అని ఊరుకో, మూడోదానికి లేపు. గుంజడం కాదు, రాడ్‌ని పైకి లేపతా రీల్ తిప్పేయాల, మొదటి ఐదడుగులు దానికి దారం ఇవ్వకూడదు. రీల్ మీద దారం జారకుండా పట్టే డ్రాగ్ బిగించి పెట్టుకో. ఈ చేప తోక చీపురులా వెడల్పుగా ఉంటాది, ఒక్క ఊపు ఊపితే కన్నంలోకి పోతాది, పోయిందంటే నీ లీడర్ రాతికి రాసుకుని తెగుతాది.

జిగ్గు_రాజా | అక్టోబర్ 13, సాయంత్రం 5:40

మూడు దాకా లెక్కపెట్టేది సింకర్ రిగ్‌కే సీమన్నా, జిగ్ మీద అంతసేపు ఆగితే ఉమ్మేసి పోతుంది. జిగ్‌కి తల బరువు నోట్లోనే ఉంటుంది కదా, దానికి తేడా తెలిసిపోతుంది. మొదటి గట్టి దెబ్బకే లేపెయ్యాలి.

ఒకవేళ కన్నంలోకి దూరిపోయిందనుకో తమ్ముడూ, లాగి తెంపేసుకోకు. దారం పూర్తిగా వదులు చేసి రెండు మూడు నిమిషాలు అలా వదిలెయ్. చాలాసార్లు అది ఇంక ప్రమాదం లేదనుకుని మెల్లిగా బయటకొస్తుంది, దారం కదలడం కనపడగానే లేపు.

అంతర్వేది_పిల్లోడు | అక్టోబర్ 14, ఉదయం 7:20

నేను ఊళ్ళోనే ఉంటానండీ, మీ చర్చలు సరదాగా చదువుతూ ఉంటాను. ఈ చేప మన సముద్రంలో పడుద్దా అండీ? ఫోటోలో చూస్తే మూతి లావుగా, వొళ్ళు నల్లగా, ఎక్కడో చూసినట్టే ఉంది.

పీతల_అక్క | అక్టోబర్ 14, ఉదయం 9:05

మన దగ్గర లేదు తమ్ముడూ. ఇది అట్లాంటిక్ పడమటి ఒడ్డు చేప, పైన కెనడా నోవా స్కోషియా నుంచి కింద సౌత్ కరోలినా దాకా, అందులో కూడా ఎక్కువగా కేప్ కాడ్ నుంచి డెలావేర్ దాకానే. శాస్త్రం పేరు టాటోగా ఒనిటిస్, ఇక్కడ టాటాగ్ అనీ, ముద్దుగా టాగ్ అనీ అంటారు. రాస్ చేపల కుటుంబం, ఆ కుటుంబంలోవి మన వైపు లక్షద్వీప్, మన్నార్ సింధుశాఖ పగడపు దిబ్బల దగ్గర రంగురంగులవి బోలెడు ఉన్నాయి. ఇది మాత్రం వాటిలో చలిదేశపు నల్లటి చుట్టం.

మగది ముసలిదయ్యే కొద్దీ గడ్డం తెల్లబడుతుంది, వైట్ చిన్ అంటారు. ఆడది కాస్త గోధుమరంగు మచ్చలతో ఉంటుంది.

కొత్త_గాలం | అక్టోబర్ 14, రాత్రి 8:10

ఇంక సీజన్ ముచ్చట చెప్పలే ఎవరు. ఒక్క చేపనే ఉంచుకోవాల్నంట గద ఇప్పుడు?

బార్నెగాట్_బాబాయ్ | అక్టోబర్ 14, రాత్రి 9:30

న్యూజెర్సీ లెక్క చెప్తా, చాలా ఏళ్ళుగా నడుస్తున్నది, అయినా వెళ్ళేముందు స్టేట్ ఫిష్ అండ్ వైల్డ్‌లైఫ్ వాళ్ళ సైట్ ఒకసారి చూసుకో, ఏటేటా మార్చే హక్కు వాళ్ళకుంది. ఆగస్టు 1 నుంచి నవంబర్ 15 దాకా రోజుకి ఒక్క చేప. నవంబర్ 16 నుంచి డిసెంబర్ 31 దాకా ఐదు. జనవరి, ఫిబ్రవరి నాలుగు. మార్చి మూత. ఏప్రిల్ మళ్ళీ నాలుగు. మే నుంచి జులై ఆఖరు దాకా మూత, గుడ్లు పెట్టే కాలం కదా. కనీసం 15 అంగుళాలు ఉండాలి. పక్కనే న్యూయార్క్‌లో 16 అంగుళాలు, తేదీలూ వేరే, అక్కడ మళ్ళీ లాంగ్ ఐలండ్ సౌండ్‌కి ఒక రూలు, మిగతా సముద్రానికి ఇంకో రూలు. స్టేటెన్ ఐలండ్ వైపు వెళ్తే అది మర్చిపోకు. ఇంకోటి, న్యూజెర్సీలో సముద్రపు గాలానికి డబ్బులు కట్టే లైసెన్స్ లేదు గానీ సాల్ట్‌వాటర్ రిజిస్ట్రీలో ఏటా పేరు రాయించుకోవాలి, ఫ్రీ.

ఇంక చేప కదలిక సంగతి. అంతా నీళ్ళ వేడిని బట్టే. సెప్టెంబర్లో నీళ్ళు 70 ఫారెన్‌హీట్ దగ్గరున్నప్పుడు జెట్టీల మీద చిన్నవే ఎక్కువ, కొరుకుడే కొరుకుడు. 60కి దిగాక బలం మొదలవుతుంది. 60 నుంచి 50 మధ్య, అంటే అక్టోబర్ సగం నుంచి నవంబర్ ఆఖర్లో వచ్చే థాంక్స్‌గివింగ్ దాకా, ఒడ్డు మీద నిలబడేవాడికి పండగ. 50 కిందికి దిగాక మెల్లిగా లోతుకి జారుకుంటాయి, డిసెంబర్‌లో బోటు ఎక్కాల్సిందే, 50 నుంచి 80 అడుగుల లోతులో చేపల కోసం ముంచిన దిబ్బల మీదికి, రీఫులంటారు వాటిని. జనవరి, ఫిబ్రవరిలో వందడుగుల పైన మునిగిన ఓడల మీద. ఆ టైమ్‌లో పడేవి తక్కువ, పడితే మాత్రం పెద్దవి. ప్రపంచ రికార్డు చేప 28 పౌండ్ల 13 ఔన్సులది, 2015 జనవరి 2న మేరీలాండ్ ఓషన్ సిటీ దగ్గర పడింది, గమనించు, నడి చలికాలం.

ఏప్రిల్‌లో వెనక్కి వస్తాయి. అప్పుడు మాత్రం పీత గట్టి డిప్ప నమలడానికి ఇష్టపడవు, చలికి ముడుచుకుని ఉండి లేచినవి కదా. క్లామ్ అనే గుల్ల మాంసం, సముద్రపు వానపాములు, మెత్తటి చిన్న పీతలు వెయ్యాలి. పైన నేను దాచిపెట్టిన సంగతి ఇదే.

సాండీహుక్_సీమ | అక్టోబర్ 14, రాత్రి 10:10

బాబాయ్ రీఫులన్నాడు కదా, వాటి సంగతి కూడా తెలుసుకో. న్యూజెర్సీ వాళ్ళు 1984 నుంచి పాత ఓడలు, కాంక్రీటు, రాళ్ళు సముద్రంలో ముంచి చేపలకి ఇళ్ళు కట్టిస్తా ఉన్నారు. డెలావేర్ వాళ్ళయితే న్యూయార్క్ సబ్‌వే రైలు పెట్టెలే ముంచినారు 2001లో మొదలుపెట్టి, రెడ్‌బర్డ్ రీఫ్ అని పేరు. అంటే మనోళ్ళు ఒకప్పుడు వేలాడుతూ ఆఫీసుకి పోయిన పెట్టెల్లో ఇప్పుడు బ్లాక్‌ఫిష్ కాపురం పెట్టింది 😄 ఇక్కడ న్యూజెర్సీలో సీ గర్ట్ రీఫ్, షార్క్ రివర్ రీఫ్, శాండీ హుక్ రీఫ్ ఇవన్నీ పార్టీ బోట్లు, అంటే టికెట్ కొని నలుగురూ ఎక్కే చేపల బోట్లు, పోయే చోట్లే. మ్యాపు స్టేట్ వాళ్ళ సైట్లోనే ఉండాది.

పార్టీ బోటు ఎక్కితే ఒక మాట గుర్తు పెట్టుకో. కెప్టెన్ రెండు లంగర్లు వేసి బోటుని సరిగ్గా రాళ్ళ మీద నిలబెడతాడు, నీ పని నిలువుగా కిందికి దింపడం అంతే. ఒక మూల ఉన్నోడికి వరసగా పడతా ఉంటే నీకు పడకపోవచ్చు, వాడు రాయి మీద ఉండాడు, నువ్వు ఇసక మీద ఉండావు. సింకర్ నేలకి తగిలితే టక్కుమని గట్టిగా ఉంటే రాయి, మెత్తగా ఉంటే ఇసక. మెత్తగా ఉంటే ఒకటి రెండడుగులు అటో ఇటో వేసి చూడు. లోతుకి 6 నుంచి 10 ఔన్సుల సింకర్లు పట్టుకుపో, మొత్తం పోతాయనే లెక్కేసుకుని పట్టుకుపో.

ట్రెంటన్_టెకీ | అక్టోబర్ 15, ఉదయం 11:20

సోది కాకుండా ఒక్క మాటలో చెప్పండి ఏ స్పాట్ బెస్ట్? జీపీఎస్ నంబర్లు ఎవరైనా పెట్టండి ప్లీజ్

నిర్వాహకుడు | అక్టోబర్ 15, ఉదయం 11:45

రీఫులు అందరివీ, వాటి పేర్లు రాసుకోండి. ఒకరు కష్టపడి వెతుక్కున్న రాళ్ళ అంకెలు మాత్రం ఇక్కడ అడగొద్దు, పెట్టొద్దు. పోయిన ఏడు ఇలాగే ఒకటి పెడితే వారంలో ఆ చోటు ఖాళీ అయింది.

పీతల_అక్క | అక్టోబర్ 15, మధ్యాహ్నం 2:30

నిర్వాహకుడు గారు చెప్పింది నిజం, అది ఊరికే అసూయతో అనే మాట కాదు. ఈ చేప చాలా మెల్లిగా పెరుగుతుంది. 15 అంగుళాలు రావడానికే ఆరేడేళ్ళు పడుతుంది, ముప్పై ఏళ్ళ పైన బతికినవి కూడా ఉన్నాయి. తన రాయి వదలదు కాబట్టి ఒక చోట పెద్దవాటిని ఏరేస్తే మళ్ళీ నిండడానికి ఏళ్ళు కావాలి. అందుకే 2017లో అట్లాంటిక్ రాష్ట్రాల కమిషన్ ఈ చేప కోసం తీరాన్ని నాలుగు ప్రాంతాలుగా విడగొట్టి దేని రూలు దానికి పెట్టింది. మా రోడ్ ఐలండ్‌లో 21 అంగుళాలు దాటినవి ఒకటికి మించి ఉంచుకోకూడదు. నన్నడిగితే ఆ రూలు మీ దగ్గరా రావాలి. పెద్ద ఆడచేప పెట్టే గుడ్లకీ చిన్నదాని గుడ్లకీ పొంతనే లేదు. కూరకి 16, 17 అంగుళాల చేప రుచిలో ఏం తక్కువ, చెప్పండి?

ప్రాణంతో అమ్మే దొంగ మార్కెట్ కూడా ఉంది దీనికి, రెస్టారెంట్ల తొట్లలో బతికుండగానే మంచి రేటు పలుకుతుంది. దానికే 2020 నుంచి అమ్మకానికి పట్టే ప్రతి చేప చెంపకీ ట్యాగ్ కొట్టాలని పెట్టారు. సరదాకి గాలమేసే మనం అమ్మడమే నేరం, ఎవడైనా జెట్టీ మీద "అన్నా ఇస్తావా, డబ్బులిస్తా" అంటే దండం పెట్టి పంపండి.

బార్నెగాట్_బాబాయ్ | అక్టోబర్ 15, సాయంత్రం 6:00

అక్కతో నేను సగం ఒప్పుకుంటా. ఒడ్డు మీద పడ్డ పెద్దదాన్ని వదిలెయ్యి, బాగానే బతుకుతుంది, గట్టి ప్రాణం. కానీ జనవరిలో వందడుగుల లోతు నుంచి లాగినదాని పొట్టలో గాలితిత్తి ఉబ్బిపోయి ఉంటుంది, అది నీళ్ళ మీదే తేలుతూ సీగల్స్ పాలవుతుంది. అప్పుడు ఊరికే విసిరేసి వదిలేశాను అనుకోవడం మన తృప్తికే. లోతుకి వెళ్ళేవాళ్ళు బరువు కట్టి చేపని కిందికి దింపే డిసెండర్ క్లిప్పు ఒకటి పెట్టుకోవాలి, లేదంటే లిమిట్ కాగానే ఆపెయ్యాలి.

పీతల_అక్క | అక్టోబర్ 15, సాయంత్రం 6:20

అది ఒప్పుకుంటా బాబాయ్.

జిగ్గు_రాజా | అక్టోబర్ 15, రాత్రి 9:15

పీతలు కొనకుండా పట్టుకునే సంగతి ఎవరూ చెప్పలేదేంటి? గ్రీన్ క్రాబే కాదు తమ్ముడూ, ఏషియన్ షోర్ క్రాబ్ అని ఇంకోటుంది, బొటనవేలి గోరు నుంచి రెండంగుళాల దాకా ఉంటాయి. ఆటు టైమ్‌లో ఒడ్డున రాయి ఎత్తితే చాలు, బొద్దింకల్లాగా పరిగెడతాయి. ఇవి మన ఆసియా వైపు నుంచి ఓడల నీళ్ళలో వచ్చాయంటారు, అమెరికాలో మొదట కనపడింది 1988లో, మీ న్యూజెర్సీ టౌన్సెండ్స్ ఇన్‌లెట్ దగ్గరే. గ్రీన్ క్రాబ్ కూడా యూరప్ నుంచి రెండొందల ఏళ్ళ కింద వచ్చిందే. రెండూ ఇక్కడి నత్తల్నీ క్లామ్స్‌నీ తినేసే చెడ్డ చుట్టాలు, ఎన్ని ఏరుకున్నా ఎవరికీ బాధ లేదు. జిగ్ మీద రెండు చిన్న ఏషియన్ పీతలు కాళ్ళ సందులోంచి గుచ్చి వేస్తే, నా ఉద్దేశంలో గ్రీన్ క్రాబ్ కంటే తొందరగా తగులుతుంది, ముఖ్యంగా ఏప్రిల్‌లో.

కొత్త_గాలం | అక్టోబర్ 15, రాత్రి 10:00

పీతలు మిగిలితే ఎట్ల దాచాలె? బకెట్ల నీళ్ళు పోసి పెడితే తెల్లారేసరికి అన్ని సచ్చి కంపు కొట్టినయి, ఇంట్ల పెద్ద లొల్లి అయింది.

సాండీహుక్_సీమ | అక్టోబర్ 15, రాత్రి 10:25

నీళ్ళు పోయొద్దు సామీ. ఆ నీళ్ళలో గాలి అయిపోతే అన్నీ ఒకేసారి పోతాయి, ఇంక కొళాయి నీళ్ళయితే చెప్పనే అక్కర్లేదు. అడుగున బెజ్జాలు పెట్టిన డబ్బాలో సముద్రపు నీళ్ళతో తడిపిన గోనెపట్టానో న్యూస్‌పేపరో వేసి చల్లటి చోట పెట్టు, గ్యారేజీలో అయినా చాలు. రోజూ చచ్చినవి ఏరి పారేయాల, ఒక్కటి కుళ్ళితే మిగతావి కూడా పోతాయి. అట్ల వారం పైన బతుకుతాయి. ఫ్రిజ్‌లో మాత్రం పెట్టొద్దు, నీ కాపురం కోసం చెప్తాండా.

మచిలీ_మామ్మ | అక్టోబర్ 16, ఉదయం 10:40

మా అబ్బాయి దగ్గరికి వచ్చి ఉన్నాను, ఈ చేప వండింది నేనే కాబట్టి ఒక మాట చెప్తాను నాయనా. జిగురు, గట్టి తోలు, పొలుసు తీస్తూ కూర్చుంటే చేతులు పోతాయి. తోలు ఒలిచి ముక్కలు చేసుకోండి. కండ తెల్లగా, గట్టిగా ఉంటుంది, మన కొర్రమీను వండినట్టే పులుసు పెడితే ముక్క విరగదు, చిన్న ముళ్ళూ ఉండవు. చింతపండు కాస్త తగ్గించండి, ఈ చేప సహజంగానే తియ్యగా ఉంటుంది. తలకాయ పారేయొద్దు, ఆ బుగ్గల్లో కండ, లావు పెదాలు పులుసులో భలే ఉంటాయి. పట్టగానే మొప్ప కోసి రక్తం కార్చి ఐస్‌లో పెట్టమని మా వాడికి ఎన్నిసార్లు చెప్పానో.

అంతర్వేది_పిల్లోడు | అక్టోబర్ 16, ఉదయం 11:00

మామ్మగారూ మామిడికాయ వేస్తే ఎలాగుంటుందండీ?

మచిలీ_మామ్మ | అక్టోబర్ 16, ఉదయం 11:30

ఇక్కడ దొరికే మామిడికాయలో పులుపెక్కడ ఏడ్చింది నాయనా.

కొత్త_గాలం | అక్టోబర్ 26, సాయంత్రం 7:45

పడ్డది!!! ఇయ్యాల పొద్దుగాల మనాస్క్వాన్ల, నీళ్ళు నిలబడే టైమ్‌కు పోయిన. అక్క చెప్పినట్టు కాళ్ళ కిందనే దింపిన, ఏం లేకపోతే ఎర మార్చకుండ ఇంకో కన్నం కాడికి జరిగిన. సీమన్న చెప్పిన మూడో దెబ్బకు లేపిన, రాడ్ ఒంగి రీల్ తిరుగుత లేదు, చేతులు ఒణుకుతున్నయి. 17 అంగుళాలు. మళ్ళ పెట్టిన సగం పీతకు ఇంకోటి 14 అంగుళాలది వచ్చింది, ఇడిసిపెట్టిన. పక్కనున్న తాత ఇన్ని దినాల సంది మాట్లాడనోడు ఇయ్యాల "నైస్ ఫిష్" అన్నడు 😂 జిగ్ గూడ కొన్న రాజన్నా, రేపు చూస్త. ఒక్కటే, ఆ రాళ్ళ మీద పాచికి కాలు నిలుస్త లేదు.

బార్నెగాట్_బాబాయ్ | అక్టోబర్ 26, రాత్రి 8:30

భేష్! ఫోటో పెట్టవోయ్.

పాచి సంగతి నేను ముందే చెప్పాల్సింది, చేప కంటే అది ముఖ్యం. మామూలు స్నీకర్లతో జెట్టీ ఎక్కొద్దు. చెప్పుల కింద కట్టుకునే మేకుల అట్టలు అమ్ముతారు, కోర్కర్స్ అంటే షాపువాడికి తెలుస్తుంది. నల్లగా, తడిగా కనపడే రాయి మీద కాలు పెట్టకు, ఆకుపచ్చ పాచి కంటే నల్లదే ఎక్కువ జారుతుంది. ఈశాన్యం గాలి వీస్తున్నా, దూరంగా తుఫాను ఉండి పెద్ద అలలు వస్తున్నా ఆ రోజు ఇంట్లో ఉండు, ఎలాగూ నీళ్ళు మట్టిగా కలిసిపోయి చేప తినదు. ఒక్కడివే వెళ్ళకు. బార్నెగాట్ జెట్టీ చివరి దాకా నడిచేవాళ్ళని చూసి నువ్వూ నడవకు, పోటు ఎక్కితే వెనక్కి రావడం కష్టం.

కొత్త_గాలం | నవంబర్ 9, రాత్రి 9:00

మేకుల అట్టలు కొన్న బాబాయ్. ఫోటో కింద పెట్టిన చూడు, పక్కన ఉన్నది మా బామ్మర్ది. నవంబర్ 16 నుంచి ఐదు గద, ఆ దినం బోటు మీద పోదామనుకుంటున్నం. ఎవరన్న వస్తరా? పీతలు బోటు మీద ఇస్తరా, మనమే తీసుకపోవాల్నా?

సాండీహుక్_సీమ | నవంబర్ 9, రాత్రి 9:40

నేనొస్తా. పీతలు కొన్ని బోట్లలో ఇస్తారు, కొన్నిట్లో అమ్ముతారు, ఫోన్ చేసి కనుక్కో. ఇచ్చినా చిన్నవీ పెద్దవీ కలిపి ఇస్తారు కాబట్టి మనవి కొన్ని ఏరుకుని పోయేది మంచిది. ఆ రోజు పొద్దున కొందాంలే అనుకుంటే షాపులో ఒక్కటి మిగలదు, రెండు రోజుల ముందే చెప్పి పెట్టించుకో. పీతలు కోయడానికి గట్టి కత్తెర ఒకటి తెచ్చుకో, కత్తి కంటే అదే నయం ఊగే బోటు మీద.

జిగ్గు_రాజా | నవంబర్ 9, రాత్రి 10:05

నేను కనెక్టికట్ నుంచి డ్రైవ్ చేసి వస్తా, రెండు ఔన్సుల జిగ్గులు తెస్తా. అరవై అడుగుల్లో నీళ్ళు నెమ్మదిగా ఉంటే బాబాయ్‌కి చూపిస్తా ఎవరికి ముందు పడుతుందో.

బార్నెగాట్_బాబాయ్ | నవంబర్ 10, ఉదయం 5:50

రా రా. 8 ఔన్సుల సింకర్లు నీకు కూడా నాలుగు ఎక్కువ తెస్తాలే, పదింటికల్లా నువ్వే అడుగుతావ్.